దేశం ప్రాజెక్ట్ పిల్లలది, అమ్మానాన్నలది కాదు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి మీ దగ్గర్నుంచి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒకటే గొడవ, స్కూల్లో పిల్లలకిచ్చే దేశాల ప్రాజెక్ట్. మూడో క్లాసు నుంచి అయిదో క్లాసు దాకా హైదరాబాద్‌లో చాలా స్కూళ్లలో ఇదే నడుస్తోంది, అందుకే ఈ కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నమస్తే మేడం, మా పాప నాలుగో క్లాసు. తనకి కెన్యా ఇచ్చారు, చార్ట్ చెయ్యాలి, ఒక పేజీ రాయాలి, క్లాసులో రెండు నిమిషాలు మాట్లాడాలి. శుక్రవారం సాయంత్రం క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు, సోమవారం తెమ్మని. ఇంక శని ఆదివారాలు నేనూ మావారూ కూర్చుని ప్రింటవుట్లు తీసి, కత్తిరించి, అతికించి, బోర్డర్లు వేసి, నీట్‌గా రాసి... పాప పక్కనే నిద్రపోయింది. మేం చెయ్యకపోతే మిగతావాళ్లు పెద్ద పెద్ద మోడల్స్ తెస్తారు, మా పాప చిన్నబుచ్చుకుంటుంది. వచ్చే నెల ఇంకో దేశం అంట. ఏం చెయ్యమంటారు?
– ఒక అమ్మ, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, సూటిగా చెప్తాను ఏమనుకోకండి. ఆ చార్ట్ ఎవరు చేశారో టీచర్‌కి చూడగానే తెలిసిపోతుంది, పాపకి ఇంకా బాగా తెలుసు, నా బాధంతా అదే. నేను చేస్తే బాగోదని అమ్మానాన్నే అనుకుంటున్నారు అన్న మాట ఆ వయసు పిల్ల మనసులో పడిందంటే తర్వాత ఎంత మెచ్చుకున్నా పోదు.

సరే, వచ్చే నెల ఏం చెయ్యాలో కెన్యాతోనే చెప్తాను. రాజధాని నైరోబి, కరెన్సీ షిల్లింగ్, భాషలు స్వాహిలి, ఇంగ్లిష్, స్వాతంత్ర్యం 1963 డిసెంబర్ 12. ఇదంతా రెండు లైన్లు, అక్కడితో అయిపోవాలి కూడా. అసలు పని ఆ తర్వాతే. భూమధ్యరేఖ కెన్యా మీదుగానే పోతుంది కదా, మరి అక్కడే ఉన్న మౌంట్ కెన్యా మీద మంచు ఎలా ఉంటుంది అని పాపని అడగండి. 5,199 మీటర్ల ఎత్తు కాబట్టి అని తనే కనుక్కుంటుంది, ఆ మంచు కూడా ఏటేటా కరిగిపోతోందని తెలిస్తే ఎందుకు అని ఇంకో ప్రశ్న తనంతట తనే వేస్తుంది. టైమ్ సంగతి చూడండి, కెన్యా మనకంటే రెండున్నర గంటలు వెనక, పాప నాలుగింటికి స్కూల్ బస్సు దిగేసరికి నైరోబిలో మధ్యాహ్నం ఒకటిన్నర, అక్కడి పిల్లలు ఇంకా స్కూల్లోనే. కిరాణా షాపులో మీరు ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బులివ్వడం పాప రోజూ చూస్తుంది కదా, మన యూపీఐ 2016లో వచ్చింది, కెన్యాలో మామూలు బటన్ ఫోన్‌తోనే డబ్బు పంపుకునే ఎం-పెసా 2007లోనే మొదలైంది. ఆఫ్రికా అంటే సింహాలు, జిరాఫీలు మాత్రమే అనుకునే పిల్లలకి ఈ ఒక్కటి చాలు కళ్లు తెరుచుకోవడానికి. ఇంకా కావాలంటే మొంబాసా నుంచి 1896లో మొదలుపెట్టిన రైలు మార్గం ఉంది, దానికోసం బ్రిటిష్‌వాళ్లు మన దేశం నుంచి వేలమంది కూలీల్ని ఓడల్లో తీసుకెళ్లారు. ఇవాళ కెన్యాలో ఇళ్లల్లో చపాతీ మామూలు తిండి.

ఇంకోటి, దయచేసి జెండా ప్రింట్ తియ్యకండి. తెల్లకాగితం, స్కేలు, పెన్సిల్ ఇచ్చి గియ్యమనండి. పైన నలుపు, మధ్యలో ఎరుపు, కింద ఆకుపచ్చ, వాటి మధ్య సన్నటి తెల్లగీతలు, నడిమధ్యలో మాసాయి అనే అక్కడి తెగవాళ్ల డాలు, దాని వెనక ఒకదాని మీద ఒకటి అడ్డంగా రెండు బల్లేలు. డాలు దగ్గరికొచ్చేసరికి చెయ్యి వంకరపోతుంది, చెరుపుతుంది, కాగితం నలుగుతుంది, మళ్లీ గీస్తుంది, అప్పుడు అడుగుతుంది జెండాలో డాలు ఎందుకమ్మా అని. స్వాతంత్ర్యాన్ని కాపాడుకోవడానికి గుర్తు అని మీరు చెప్తారు, ఇక ఆ పిల్ల ఆ జెండాని మర్చిపోదు. ప్రింట్ అతికిస్తే ఆ ప్రశ్నే రాదు కదా.

రాయడానికి కూడా ఒక పద్ధతి ఉంది. చదవాలి, పుస్తకమో ఫోనో మూసెయ్యాలి, నానమ్మకో అమ్మమ్మకో నోటితో చెప్పాలి, ఏం చెప్పిందో అదే రాయాలి. స్పెల్లింగులు మీరు దిద్దండి, కట్టర్‌తో అట్ట కొయ్యడం మీరు చెయ్యండి, చార్ట్, స్కెచ్ పెన్నులు కొనివ్వండి, అంతే. మార్కుల భయం ఉంటే స్కూల్ డైరీలో "ఇది పాప సొంతంగా చేసింది" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి, మంచి టీచర్ దానికి విలువిస్తారు. పనిలో పని పేరెంట్స్ మీటింగ్‌లో ఇంకోటి అడగండి, కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో క్లాసు దాకా హోంవర్కే వద్దని, మూడు నుంచి అయిదు దాకా వారానికి రెండు గంటలు మించొద్దని ఉంది. ప్రాజెక్ట్ కూడా హోంవర్కే కదండీ, రెండ్రోజుల టైమ్ కాకుండా రెండు వారాలు ఇవ్వమని నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే తప్పేం లేదు.

ప్రశ్న: హాయ్ ఆంటీ, నేను ఫిఫ్త్ క్లాస్. నాకు ఈజిప్ట్ వచ్చింది. మా క్లాస్‌లో ఈజిప్ట్ వచ్చిన ముగ్గురూ థర్మాకోల్ పిరమిడ్ చేస్తున్నారు. నాకు వేరేగా చెయ్యాలని ఉంది కానీ ఏం చెయ్యాలో తెలీట్లేదు.
– ఒక అబ్బాయి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: శభాష్ నాన్నా, నీకు ఆ కోరిక పుట్టడమే సగం ప్రాజెక్ట్. నువ్వుండేది హైదరాబాద్ కాబట్టి నీకొక అదృష్టం ఉంది, నిజమైన ఈజిప్ట్ మమ్మీ నీకు మెట్రో దూరంలోనే ఉంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం ఉంది కదా, అందులో ఉంది, నిజాం కాలంలో ఇక్కడికొచ్చింది. నాన్ననో అమ్మనో తీసుకెళ్లమని అడుగు, ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లు. అక్కడ నిలబడి బొమ్మ గియ్యి, చుట్టిన గుడ్డ ఎక్కడ ఏ రంగులో ఉందో చూడు, లోపలికి గాలి తగలకుండా ఆ పెట్టెని ఎందుకంత జాగ్రత్తగా మూసి ఉంచారో అక్కడున్నవాళ్లని అడుగు. నీ చార్ట్‌లో "నేను చూసింది" అని ఒక భాగం పెట్టొచ్చు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన సంగతి చెప్తాను, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదువు. ఈజిప్ట్‌లో నైలు నది మీద అస్వాన్ దగ్గర పెద్ద డ్యామ్ కట్టారు, 1960లో మొదలై 1970లో పూర్తయింది. ఆ నీళ్లలో మూడువేల ఏళ్ల నాటి అబూ సింబెల్ గుళ్లు మునిగిపోబోతున్నాయి, రామ్సెస్ రాజు కొండని తొలిచి చేయించినవి, ముందు కూర్చున్న విగ్రహాలు ఒక్కోటి దాదాపు 20 మీటర్ల ఎత్తు. అప్పుడు యునెస్కో పిలుపుతో ఎన్నో దేశాలు కలిసి 1964 నుంచి 1968 దాకా ఆ గుళ్లని ముక్కలు ముక్కలుగా కోసి, దాదాపు 65 మీటర్లు పైకి తీసుకెళ్లి మళ్లీ అలాగే పేర్చేశారు. సరిగ్గా అలాంటిదే కాస్త ముందు మన దగ్గరా జరిగింది, తెలుసా? కృష్ణా నది మీద నాగార్జునసాగర్ డ్యామ్‌కి 1955లో నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలం నాటి బౌద్ధ స్తూపాలు, విహారాలు మునిగిపోతాయని ముందే తవ్వి, ముఖ్యమైనవాటిని కొండ మీదికి తీసుకెళ్లి మళ్లీ కట్టారు. చుట్టూ నీళ్లు నిండాక ఆ కొండే ఇప్పుడు ద్వీపం, లాంచీలో వెళ్లి చూస్తాం కదా అదే. ఒక చార్ట్ మీద ఎడమపక్క నైలు, కుడిపక్క కృష్ణ, రెండు డ్యాములు, పైకెక్కిన రెండు పాత కట్టడాలు. మీ తాతయ్య వాళ్లలో ఎవరైనా సాగర్ కట్టేటప్పటి సంగతులు చెప్పగలిగితే అది కూడా రాయి, ఇంక నీలాంటి చార్ట్ ఎవ్వరి దగ్గరా ఉండదు.

ఒక జాగ్రత్త, నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, అంటే మ్యాప్‌లో కింద నుంచి పైకి. బాణం గుర్తు చాలామంది తలకిందులుగా పెడతారు.

ప్రశ్న: నమస్తే మేడం. నా దగ్గర 1980ల నాటి అట్లాసు ఉన్నది, మంచిగ భద్రంగ పెట్టుకున్న. మా మన్మడు అయిదో తరగతి, దాంట్లకెల్లి దేశాల పేర్లు రాస్తే టీచరమ్మ తప్పు కొట్టింది. ఇగ వాడు దాన్ని ముట్టుకుంటలేడు, ఫోన్లనే చూస్తుండు. పుస్తకం పనికిరాకుండ పోయిందా?
– ఒక తాత, ఉప్పల్

జవాబు: అస్సలు కాదు సార్, పారెయ్యకండి దాన్ని! టీచరమ్మ చెప్పింది నిజమే, మీ అట్లాసు అచ్చయ్యాక ప్రపంచం చాలా మారింది. అందులో రెండు జర్మనీలు ఉంటాయి, 1990లో ఒకటయ్యాయి. సోవియట్ యూనియన్ 1991లో విడిపోయి 15 దేశాలైంది, చెకోస్లొవేకియా 1993లో రెండైంది. దక్షిణ సూడాన్ పుట్టింది 2011లో, స్వాజిలాండ్ 2018లో ఎస్వాతిని అయింది. కజకిస్తాన్ వాళ్లయితే రాజధాని పేరు 2019లో మార్చి 2022లో మళ్లీ అస్తానా చేశారు. నదులు, కొండలు, సముద్రాలు మాత్రం మీ పుస్తకంలో ఉన్నచోటే ఉన్నాయి. మీరూ మనవడూ పక్కపక్కన కూర్చోండి, పాత మ్యాప్ మీద ట్రేసింగ్ పేపర్ వేసి మారిన గీతలు ఎర్రపెన్నుతో వాణ్ణే గియ్యమనండి. సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు మీరు పేపర్లో చదివిన సంగతులు వాడికి ఏ ఫోనూ చెప్పదు సార్.

ప్రశ్న: మేడం, నేను ప్రైవేట్ స్కూల్లో సోషల్ టీచర్‌ని. ఇప్పుడు పిల్లలందరూ ఏఐ యాప్‌లో అడిగి ప్రింట్ తెచ్చేస్తున్నారు, ముప్పై పేపర్లూ ఒకేలా ఉంటున్నాయి. కొందరికి ప్రింట్ తీయించుకునే స్తోమత కూడా లేదు. ప్రాజెక్ట్ మానెయ్యాలా?
– ఒక టీచర్, మెహదీపట్నం

జవాబు: మానొద్దు టీచర్, ఇచ్చే విధానం మార్చండి. "ఇరాన్ గురించి రాయండి" అంటే యాప్ రాసేస్తుంది. "మన ఊళ్లో ఇరాన్ ఎక్కడ కనిపిస్తుంది" అని అడగండి, అప్పుడు పిల్లలు నోరు తెరిచి నలుగురిని అడగాలి. ఇరానీ హోటల్లో చాయ్ దగ్గర మొదలుపెడితే గోల్కొండని ఏలిన కుతుబ్‌షాహీల మూలపురుషుడు ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చాడనీ, 1591లో ఈ నగరానికి ప్లాన్ వేసిన మీర్ మోమిన్ కూడా ఇరాన్ వాడేననీ తెలుస్తుంది. యెమెన్ ఇస్తే మన ఊళ్లోనే బార్కస్ అనే పేట ఉంది, నిజాం సైన్యంలో పనిచేసిన, యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు అరబ్బుల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. ఇటలీ ఇస్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన, ముఖం మీద మేలిముసుగు ఉన్న రెబెక్కా పాలరాతి బొమ్మ ఉంది. మీ క్లాసులో ఎవరో ఒకరి నాన్నో మామయ్యో దుబాయ్‌లోనో కువైట్‌లోనో పనిచేస్తూ ఉంటారు, ఆ పిల్లల్ని ఫోన్‌లో అయిదు ప్రశ్నలు అడిగి రాసుకురమ్మనండి, అక్కడ ఎండాకాలం పని వేళలేంటి, రూమ్‌లో ఏ ఏ దేశాలవాళ్లున్నారు, ఇలాంటివి. ఆ పేపర్ ముందు ఏ ప్రింటూ నిలవదు.

డబ్బుల విషయం మీరే ఎత్తినందుకు చాలా సంతోషం. ప్రింట్లు, థర్మాకోల్, గ్లిట్టర్ ఏవీ వద్దని ముందే చెప్పెయ్యండి, అందరికీ స్కూలే ఒకేరకం చార్ట్ ఇచ్చి క్లాసులోనే రెండు పీరియడ్లు కూర్చోబెట్టి చేయిస్తే ఇంట్లో ఎవరు చేశారన్న గొడవే ఉండదు. ప్రతి విషయం పక్కన "ఇది నాకు ఎక్కడ తెలిసింది" అని రాయించండి, పుస్తకమైతే పుస్తకం పేరు, మనిషైతే మనిషి. యాప్ అని రాసినా తిట్టకండి, అదే విషయం ఇంకో చోట కూడా దొరికిందా అని మాత్రం అడగండి.

ప్రశ్న: శ్రీలంక రాజధాని కొలంబో అని బాబు రాస్తే తప్పన్నారు. గూగుల్‌లో రెండూ వస్తున్నాయి. ఇంకా చార్ట్ మీద ఇండియా మ్యాప్ నెట్‌లోది అతికించొచ్చా?
– ఒక నాన్న, మల్కాజిగిరి

జవాబు: పార్లమెంట్ ఉన్నది శ్రీ జయవర్ధనపుర కోట్టేలో, అదే అధికారిక రాజధాని, కొలంబో పక్కనే ఉన్న పెద్ద వ్యాపార నగరం. బాబుని రెండూ రాయమనండి. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, ఆస్ట్రేలియాకి సిడ్నీ కాదు కాన్‌బెర్రా, బ్రెజిల్‌కి రియో కాదు 1960 నుంచి బ్రసీలియా, దక్షిణాఫ్రికాకైతే మూడు: ప్రిటోరియా, కేప్‌టౌన్, బ్లూమ్‌ఫాంటీన్. ఇండియా మ్యాప్ మాత్రం నెట్‌లో కనిపించింది కనిపించినట్టు తియ్యకండి, విదేశీ సైట్లలో జమ్మూ కశ్మీర్ దగ్గర సరిహద్దులు వేరేగా ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లది వాడండి, లేదా స్టేషనరీ షాపులో అవుట్‌లైన్ మ్యాప్ అడగండి, అయితే 2019లో లద్దాఖ్ విడిగా కేంద్రపాలిత ప్రాంతం అయ్యాక అచ్చయిందో లేదో చూసి తీసుకోండి, షాపుల్లో పాత స్టాక్ ఇంకా ఉంటోంది.