కాగితం అతికించిన గడి

అమ్మాయీ,

నీ కథ అందింది. దాంతోపాటు ఓడ రిజిస్టరు నుంచి తీసి పంపిన రెండు వరసల ఫోటోలూ అందాయి. కథ ఒకసారి చదివాను, ఆ రెండు వరసలు మాత్రం నాలుగుసార్లు చదివాను. కథలో మీ ముత్తాత పెళ్లి పారాణి ఆరకముందే 1870లో విశాఖ రేవులో ఓడెక్కాడు. మూడు నెలలు సముద్రం మీద ఏడ్చాడు. కొంగున గుప్పెడు ఊరి మట్టి మూటగట్టుకున్న పెళ్లాంతో డర్బన్‌లో దిగాడు. నువ్వే పంపిన వరసల్లో వీటిలో ఒక్కటీ లేదు. ఇంట్లో ఇంత ధాన్యం పెట్టుకుని ఎవరింటికో అప్పుకి వెళ్లినట్టుంది నీ పని.

ముందు 1870 సంగతి తేలుద్దాం. నేటాల్‌కి (ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం) మన ఒప్పంద కూలీలను తీసుకెళ్లిన మొదటి ఓడ ట్రూరో. 1860 అక్టోబరు 12న మద్రాసులో బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరింది, 342 మందితో. పట్టింది 35 రోజులే. మూడు నెలలన్నది కలకత్తా నుంచి వెస్టిండీస్ వెళ్లే ఓడల లెక్క, అది చదివి ఇక్కడ వాడేశావు. 1866లో నేటాల్‌కి కూలీలను పంపడం ఆగిపోయింది, మళ్లీ మొదలైంది 1874లో. నీ 1870 సరిగ్గా ఆ ఖాళీలో పడింది. విశాఖ హార్బరు తెరిచింది 1933లో. నేటాల్ ఓడలు మనుషుల్ని ఎక్కించుకున్నది మద్రాసులోనూ కలకత్తాలోనూ. విశాఖ జిల్లా మనిషైనా మద్రాసులో కూలీలను పోగుచేసే డిపోకి చేరాల్సిందే. మొదటి పేజీ కొట్టెయ్.

తేదీ గడిలో సిరా చెరిగిపోయింది కాబట్టి ఇంట్లో చెప్పుకునే సంవత్సరమే వేశానన్నావు. చెరగనిది పక్కనే ఉంది చూసుకో, నెంబరు. నేటాల్లో దిగిన ప్రతి కూలీకీ, చంకలో బిడ్డతో సహా, ఒక వరస సంఖ్య ఇచ్చారు. 1860లో ఒకటితో మొదలై 1911లో ఆఖరి ఓడ నాటికి అది 1,52,184కి చేరింది. 1866 ఆగేలోపు వెళ్లినవాళ్లు 6,445 మంది. మీ ముత్తాత నెంబరు ఎనభై వేలు దాటింది. 1870 కాదని చెప్పడానికి ఇంకేం కావాలి? ఓడ దిగిన వందల మందికీ నెంబర్లు వరసగా పడతాయి. ఆయనకి పైన పాతికమందినీ కింద పాతికమందినీ చూడు. ఎవరో ఒకరి వరసలో తేదీ చెరక్కుండా ఉంటుంది, అదే ఆయన తేదీ.

ఆ నెంబరు మనిషిని జీవితాంతం వదల్లేదు. పెళ్లి నమోదులో, పిల్లల పుట్టుకలో, యజమాని మీద ఫిర్యాదులో, చావులో పేరు పక్కన అదే ఉంటుంది. అందుకే నా మాట ఒక్కటే: నెంబరు దొరికేదాకా ఎవర్నీ ఓడ ఎక్కించకు. దొరికాక ఆ వరసలో ఒక్క గడి కూడా వదలకు. ఒకాయన, పేరెందుకులే, పెద్ద పత్రిక సంపాదకుడు, నా వ్యాసాల్లో ఈ నెంబర్లన్నీ పాఠకుడికి బరువని కొట్టేసేవాడు. కన్నీళ్లు ఉంచేవాడు. కన్నీళ్లు ఎవరి కథలోవైనా ఒకటే, నెంబరు ఒక్క మనిషిదే. ఇప్పుడు ఆ గుప్పెడు మట్టి ప్రతి వలస కథలోనూ ప్రత్యక్షమవుతోంది.

“నాయుడు అని వెతికితే వందలమంది వచ్చారు, ఆయన రాలేదు” అన్నావు. రాడు మరి. రిజిస్టరులో ఇంటిపేరు గడే లేదు. మనిషి పేరు ఒక గడి, తండ్రి పేరు ఒక గడి, కులం ఒక గడి, తర్వాత జిల్లా, తాలూకా, ఊరు, వయసు, ఎత్తు, ఒంటి గుర్తులు. ఇంటిపేర్లు తర్వాత అక్కడ పుట్టుకొచ్చాయి. కొందరికి తండ్రి పేరే ఇంటిపేరైంది. కొందరు నాయుడు అని పెట్టుకున్నారు, కులం గడిలో ఏమున్నా సరే. కాబట్టి మనిషి పేరుతో వెతుకు, తండ్రి పేరుతో సరిచూడు. రాసిన గుమాస్తాకి తెలుగు రాకపోవచ్చు, విన్నది ఇంగ్లీషులో గీకాడు. లక్ష్మి ‘లచ్మీ’ అయింది, ‘లుచ్మీ’ కూడా అయింది. ఎల్లయ్యకి ముందు ‘వై’ ఉండొచ్చు, ‘ఈ’ ఉండొచ్చు. అప్పలస్వామిలో ఏదో ఒక అక్షరం ఎగిరిపోవచ్చు, ఒత్తులు కనిపించకపోవచ్చు. పేరు మొత్తం కొట్టకు. మొదటి మూడు అక్షరాలు కొట్టి, జిల్లా పెట్టి, జాబితా అంతా కళ్లతో చదువు. విసుగే, కానీ మనుషులు దొరికేది అలాగే.

తిరిగొచ్చిన సంగతి కూడా జ్ఞాపకం పెట్టుకో. ఒప్పందం అయిదేళ్లు. మొదట్లో పదేళ్లు ఉంటే తిరుగు ఓడ ఉచితం. అలా వచ్చి, ఊళ్లో నిలవలేక మళ్లీ వెళ్లినవాడికి కొత్త నెంబరు పడుతుంది. ఒకే పేరు, ఒకే తండ్రి, ఒకే ఊరు, రెండు నెంబర్లు కనిపిస్తే అన్నదమ్ములని పొరబడకు. ఎత్తూ మచ్చలూ పోల్చు. వయసుని మాత్రం నమ్మకు, అంచనాకి వేసింది అది.

ఇక నీకు కనబడని అసలు కథ. మీ ముత్తాత నెంబరుకీ ముత్తవ్వ నెంబరుకీ మధ్య పదకొండు వేల తేడా ఉంది. ఊళ్లో పెళ్లయి కలిసి వెళ్లినవాళ్ల నెంబర్లు పక్కపక్కన ఉంటాయి: మొగుడు, పెళ్లాం, పిల్ల. పదకొండు వేలంటే వేరే ఓడ, వేరే ఏడు. పైగా ఆయన జిల్లా విశాఖపట్నం, ఆవిడది ఉత్తర ఆర్కాటు. “ఇది గుమాస్తా పొరపాటై ఉంటుంది, ఆవిడ తమిళావిడ కాదు” అని అంచున రాశావు. పొరపాటు గుమాస్తాది కాదు. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అంతకుముందు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి, కాళహస్తి, పుత్తూరు అన్నీ ఉత్తర ఆర్కాటులోనివే. ఆవిడ తాలూకా గడిలో ‘చంద్రగెర్రి’ అని ఉంది, పెద్దది చేసి చూడు. చంద్రగిరి, ఇప్పుడు తిరుపతి జిల్లా. గుంటూరు పుట్టింది 1904లో, శ్రీకాకుళం 1950లో, ఒంగోలు కేంద్రంగా ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో. ఆ ఏళ్లకి ముందు రాసిన వరసల్లో ఈ పేర్లు జిల్లాగా దొరకవు. అప్పటి జిల్లాతో వెతికి ఇప్పటి మండలానికి రావాలి. కొత్తూరు, రామాపురం లాంటి పేరైతే తాలూకా తెలిస్తే తప్ప ఊరు తేలదు.

అంటే వాళ్లకి ఊళ్లో పందిరి వెయ్యలేదు. విశాఖ యాస మాట్లాడే మనిషీ, చంద్రగిరి తెలుగు మాట్లాడే మనిషీ సముద్రం అవతల కలుసుకున్నారు. నూరుమంది మగవాళ్లకి నలభైమంది ఆడవాళ్లుండాలని నియమం పెట్టిన చోటు అది. ఒంటరిగా ఓడెక్కిన ఆడమనిషి ఎందుకెక్కిందో ఏ గడీ చెప్పదు. అది నువ్వు రాయాలి, పారాణి కాదు.

ఆ పెళ్లి కాగితం వెతుకు. 1891 చట్టంతో కూలీల పెళ్లిళ్లు ప్రొటెక్టర్, అంటే కూలీల వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి, దగ్గర నమోదు కావాలన్నారు. తాతయ్య అక్కడే పుట్టాడు కాబట్టి ఆయన పుట్టుక నమోదులో తల్లిదండ్రుల నెంబర్లు వెతుకు. ముత్తాత తమ్ముడు అక్కడే ఉండిపోయాడన్నావుగా, ఆయన చనిపోయాక దాఖలైన ఆస్తి ఫైలు చూడు. పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆస్తి ఫైళ్లు 1846 నుంచి 1950 దాకావి ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్లో ఉన్నాయి. ఫైల్లో ముందు చూడాల్సిన కాగితం మరణ నోటీసు: తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, భార్య, పిల్లలు. అది చచ్చినాయన రాసింది కాదు, కొడుకో పక్కింటాయనో చెప్పింది. పుట్టిన చోటు ‘మద్రాసు’ అని ఉంటే ఊరనుకోకు, ఓడెక్కిన రేవు కావొచ్చు, మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం కావొచ్చు. దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ సూచికలో దొరికేది చిరునామా మాత్రమే, కాగితం కాదు. ఆర్కైవు పేరు, సోర్సు, వాల్యూము, రిఫరెన్సు నాలుగూ యథాతథంగా రాసుకుని నకలు అడుగు. ఒకటి తప్పినా ఉత్తరం వెనక్కి వస్తుంది.

ఎందుకు తిరిగొచ్చారని అడిగావు. 1895 చట్టం చూడు. ఒప్పందం అయ్యాక మళ్లీ కూలీ ఒప్పందానికి కుదురుకోకుండా, దేశానికీ పోకుండా ఉండేవాడు ఏడాదికి మూడు పౌన్లు, అంటే అరవై షిల్లింగులు, కట్టాలి. కొత్తగా వచ్చిన కూలీ జీతం నెలకి పది షిల్లింగులు, అంటే ఆరు నెలల జీతం. 1914లో గానీ ఆ పన్ను పోలేదు. వాళ్లు తిరిగొచ్చిన ఏడు తేలితే సగం జవాబు అందులోనే ఉంటుంది.

చివరిగా ఆ ఫోటో. కులం గడి మీద తెల్లకాగితం ముక్క అతికించి తీశావు. అంచు నీడ పడింది, నాకు కనబడింది. కింద ఏముందో నాకు చెప్పనక్కర్లేదు. కథలో జమీందారీ వంశం ఎందుకొచ్చిందో మాత్రం అర్థమైంది. ఆ గడి మూస్తే ఆవిడ ఒంటరిగా ఓడెందుకెక్కిందో నువ్వే ఎప్పటికీ రాయలేవు.

నీ కథలో ఒక్క వాక్యం ఉంది, పదకొండో పేజీలో. తాతయ్య చిన్నప్పుడు వాళ్లమ్మ ముంజేతి మీది పచ్చబొట్టు తేలు తోకని వేలితో దిద్దుతూ నిద్రపోయేవాడని. రిజిస్టర్లో ఆవిడ ఒంటి గుర్తుల గడి చూశావా? “పచ్చబొట్టు, ఎడమ ముంజేయి” అని ఉంది. ఏ బొమ్మో గుమాస్తా రాయలేదు. తేలని మీ ఇంట్లో తెలుసు. అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ఈసారి ఫోటో ఆ కాగితం పీకేసి తియ్యి.