టెక్ సందేహాలు: తాతయ్య మాటకు కత్తెర ఎక్కడ వేయాలి?

ప్రశ్న: మా తాతయ్య షిప్‌యార్డ్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' నౌక నీళ్లలోకి దిగిన రోజు గురించి వాళ్ల నాన్న చెప్పిన కబుర్లన్నీ ఆయన చేత చెప్పించాం. రెండు ఫోన్లు, ఒక కెమెరాతో తీశాం. మొదట్లో సరిగ్గానే ఉన్నా, చివరికొచ్చేసరికి ఫోన్ వీడియోల్లో పెదాలకూ మాటకూ పొంతన ఉండటం లేదు. పైగా 'ఆ... ఊ...'లన్నీ తీసేస్తే తాతయ్య రోబోలా మాట్లాడుతున్నట్టుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మల్కాపురం, విశాఖపట్నం

జవాబు: పొంతన తప్పడానికి కారణం చాలావరకు ఫోన్లే. వెలుతురు తగ్గినా, ఒళ్లు వేడెక్కినా అవి సెకనుకు తీసే ఫ్రేములను మార్చేస్తుంటాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ ఫైళ్లు వేసి, వీడియో ట్యాబ్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' పెట్టి మార్చుకోండి. తర్వాత ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. మూడు క్లిప్పులూ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌తో మల్టీక్యామ్ క్లిప్ చేయండి. యాంగిల్ సింక్ దగ్గర 'సౌండ్' ఎంచుకుంటే మూడింటిలోని శబ్దాన్ని పోల్చి అదే జత చేస్తుంది.

ఇక రోబో సంగతి. మూడు యాంగిల్స్ కనిపించగానే అందరికీ వేలు దురద పెడుతుంది, నాలుగు సెకన్లకోసారి మార్చేస్తారు. మీరు ముందు బొమ్మ జోలికి వెళ్లొద్దు. తెర వైపు చూడకుండా మాట మాత్రమే వినండి. మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన వాక్యాలు, రెండుసార్లు చెప్పిన సంగతులు తీసేయండి. 'మరేటంటే...' అని ఆయన సాగదీస్తే మాత్రం ముట్టుకోవద్దు, అది ఆయన మాటతీరు. అలాగే 'ఆ రోజు మీ నాన్న ఏం చూశారట?' అని మీరు అడిగాక ఆయన కళ్లజోడు సర్దుకుని రెండు సెకన్లు ఆగారనుకోండి, ఆ రెండు సెకన్లూ ఉండాల్సిందే. అవి తీసేస్తే జవాబు ముందే బట్టీపట్టినట్టు ఉంటుంది.

మాట కుదిరాకే యాంగిల్స్. మీ ప్రశ్న ఇంకా వినిపిస్తుండగానే తాతయ్య ముఖానికి మారండి, వింటూ ఆయన ముఖం మారడం కనిపిస్తుంది. మాట తెగిన చోట యాంగిల్ మారిస్తే అతుకు తెలియదు. కాకపోతే ఒకటి దూరం షాట్, ఇంకొకటి దగ్గరి షాట్ అయి ఉండాలి. రెండూ ఒకేలా ఉంటే మనిషి ఎగిరిపడ్డట్టు ఉంటుంది. మారినప్పుడు బొమ్మే మారాలి, ఆడియో మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకే మైకుది ఉంచండి.

మీ వైపు ఇంకో చిక్కుంది, విమానాలు. మోత మధ్యలో కట్ చేస్తే విమానం ఆకాశంలోనే మాయమైపోతుంది! మోత పూర్తిగా తగ్గాకే కత్తెర వేయండి. ఆ గదిలోనే ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం రికార్డు చేసి పెట్టుకుంటే, కోతల మధ్య ఖాళీల్లో ఆ ఫ్యాను చప్పుడే పరచవచ్చు.

ప్రశ్న: ఎల్‌ఈడీ లైట్ల కింద తీసిన ఇంటర్వ్యూలో నల్లటి చారలు కదులుతున్నాయి. ఎలా పోతాయి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్. షటర్ స్పీడ్ 1/50 గానీ 1/100 గానీ పెట్టి తీస్తే చాలావరకు రావు. అప్పటికీ వస్తే ఆ బల్బు మార్చడమే మేలు. ఇప్పటికే తీసిన దానికి రిజాల్వ్‌లో ఈ చారలను తగ్గించే డీఫ్లికర్ ఉంది కానీ, అది డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే. మళ్లీ తీసే వీలుంటే ముందు అదే చూడండి.