17 బస్తాలు ఎటుపోయినయ్?

హన్మకొండ

అల్లుడూ,

సుల్తానాబాద్‌ల రైస్‌మిల్లు లీజుకు పడుతున్నవని మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. కల్లం మీద వడ్ల రాశిల పొర్లి ఒళ్లంత దద్దుర్లు తెచ్చుకున్న పోరడివి, ఇయ్యాల మిల్లు నడుపుతనంటే పానం సంబురపడ్డది. కానీ నువ్వన్న ఇంకో మాట గూడ చెప్పింది. "పాత ఓనర్‌ను పనోళ్లే ముంచిన్రు, నేను మొదటి రోజు నుంచే టైట్ చేస్త" అన్నవట. ఆ మాట విన్నప్పటి సంది మనసు నిమ్మళంగ లేదు.

లీజు కాయితం, కరెంటు బకాయిలు, ఇన్సూరెన్సు వకీలుకు చూపించుకో. హమాలీ రేటు బస్తాకు ఎంతో ముందే రాసుకో. వాటి గురించి నాకు రంది లేదు. నా రందంతా తూకం గురించే.

సర్కారు కొనుగోలు కేంద్రంల 17 శాతం తేమ దాక వడ్లు కొని మిల్లుకు పంపుతరు. మర ఆడాలంటే 14కు దిగాలె. లెక్క చూడు. 100 కిలోల వడ్లల్ల 17 కిలోలు నీళ్లే, అసలు సరుకు 83. తేమ 14కు దిగినంక అవే వడ్లు 96.5 కిలోలు తూగుతయ్. క్వింటాలుకు 3.5 కిలోలు గాలిల కలిసినట్టు. 200 క్వింటాళ్లు దించుకున్నవనుకో, ఎండినంక 193 చేతికొస్తయ్. 7 క్వింటాళ్లు తక్కువ, 40 కిలోల సంచి లెక్కన 17 బస్తాలకు పైనే. కొత్త ఓనర్ స్టాక్ బుక్కు పట్టుకొని గోదాముల నిలబడి, "17 బస్తాలు ఎటుపోయినయ్?" అని హమాలీల మీద అరుస్తడు. ఎవ్వడు ఎత్తుకపోలేదురా, ఎండ తాగింది.

ఇంకో తిరకాసున్నది. వాన తడిసిన లారీ వస్తది, కాయితం మీద 17 అని ఉంటది, వడ్లల్ల 19 ఉంటది. అప్పుడు క్వింటాలుకు 5.8 కిలోలు పోతయ్. దించుకునేటప్పుడు తేమ కొలిచే మీటర్ పెట్టనిది ఓనర్, దొంగ అనిపించుకునేది హమాలీ. సర్కారుకు మాత్రం దించుకున్న నాటి తూకం మీదనే లెక్క: 100 కిలోల వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం తిరిగియ్యాలె, ఉప్పుడు బియ్యమైతే 68. ఆ లోటు కండ్ల ముందట పడేసరికి కోపం ఎవరి మీదనో ఒకరి మీద పోతది. అందుకే ప్రతి లారీల పైన, నడుమ, అడుగున, కనీసం పది సంచులల్ల నుంచి గింజలు తీసి కలిపి మీటర్ పెట్టు. తేమ, తూకం, తేదీ పుస్తకంల రాయి, పక్కన హమాలీ మేస్త్రితోని సంతకం పెట్టించు. ఎండినంక మల్ల తూకమెయ్యి. లెక్క కట్టినంక కూడ తక్కువైతేనే అడుగు.

మన మిల్లులల్ల సంచులు మోసేది చానమట్టుకు బిహార్ పోరగాండ్లు. దొంగ అన్న మాట పడితే ఎదురు మాట్లాడరు, తెల్లారేసరికి రైలెక్కుతరు. 2020 మే నెలల, లాక్‌డౌన్ నడుమ, బిహార్‌ల ఉన్న ఖగడియా నుంచి ప్రత్యేక రైలుల వాళ్లను రప్పించుకున్నది మన తెలంగాణనే. వాళ్లు లేక మిల్లులు ఎట్ల మూలిగినయో ఈ జిల్లాలల్ల ఎవర్నడిగినా చెప్తరు.

నూకల సంగతి గూడ ఇట్లనే. యాసంగి వడ్లు ఎండల కోతకొస్తయ్, గింజ లోపలే పగులుతది. అందుకే మన దగ్గర యాసంగి పంట ఉప్పుడు బియ్యానికి పోతది. "సాయంత్రం దాక ఎండిపోవాలె" అని నడిమిట్యాల సిమెంటు మీద పలుచగ పరిపించినవనుకో, ఇంకా పగులుతది. ఇంచున్నర మందం పరిపించు, అర్ధగంటకోసారి తిరగేయించు, ఎండ ముదిరితే కప్పించు. మర పెట్టే ముందు 100 గింజలు చేతితోని ఒలిచి వెలుతురుకు పెట్టి చూడు. ఎన్నిట్ల గీత కనబడితే అన్ని మర పెట్టకముందే పడ్డ పగుళ్లు. దాన్ని ఆపరేటర్ నెత్తిన రుద్దకు.

పొట్టు ఊడదీసే షెల్లర్ల రెండు రబ్బర్ రోలర్లుంటయ్, జోరుగ తిరిగేది ముందు అరుగుతది, నడుమల రెండిటిని మార్చిపెట్టాలె. అరిగిందని ఆపరేటర్ చెప్తే "ఇంకో వారం లాగు" అనకు. నువ్వట్ల అంటే వాడు రోలర్ల సందు బిగిస్తడు, గింజ నలుగుతది. ఒక్కసారికి 85, 90 శాతం పొట్టు ఊడితే చాలు. పొట్టు ఊడనివాటిని సెపరేటర్ మిషన్ ఏరి మల్ల షెల్లర్‌కే పంపుతది.

మీటర్ కొనకు, ఇంట్ల రెండున్నయ్, ఒకటి పంపిస్త. బ్యాటరీ కొత్తది వేసుకో. మొదటి లారీ దిగిన రోజు ఆ 100 గింజలల్ల ఎన్ని పగిలినయో రాత్రి ఫోన్‌ల చెప్పు. ఎవర్నన్నా పనిలకెళ్లి తీసెయ్యాలనిపిస్తే, తీసేసినంక కాదు, అంతకుముందు ఫోన్ చెయ్యి బిడ్డా. అర్ధరాత్రైనా ఎత్తుత.

మీ మామ