పైన స్లాబు, కింద కాపురం

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి బైరాగిపట్టెడ. మా మామ పిల్లర్లు వేసి కట్టిన పాత ఇల్లు, కింద రెండు రూములూ వంటిల్లూ, అంతే. పిల్లోడు ఇంటర్‌కి వచ్చినాడని పైన రెండు రూములు ఎత్తి, కింద వంటిల్లు వెనక్కి పొడిగించుకుందాం అని జనవరిలో మొదలుపెట్టినాం. ఉగాదికి అయిపోతుందమ్మా అన్నాడు మేస్త్రి, ఇప్పుడు ఆషాఢం వచ్చేసింది, పైన గోడలు లేచినాయి గానీ స్లాబు ఇంకా పడలేదు. మే నెల్లో గంగమ్మ జాతరకని పోయిన పనోళ్ళు సగం మంది తిరిగి రాలేదు. నలుగురం ముందు రూములోనే ఉంటా ఉన్నాం, మెట్ల కింద పొయ్యి పెట్టుకొని వంట, అత్తకి ఆయాసం, బియ్యం డబ్బాలో కూడా దుమ్మే. మా ఆయన పొద్దున డ్యూటీకి పోతా పోతా మేస్త్రికి ఒకటి చెప్తాడు, మధ్యాహ్నం నేను చూసి ఇంకోటి చెప్తాను, సాయంత్రం ఇదెవరు మార్చమన్నారు అని గొడవ. వంటింటి గట్టు కట్టి, పగలగొట్టి, మళ్ళీ కట్టినారు. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు, ఏదన్నా ఉంటే పిల్లోడితో చెప్పిస్తాం. దీంట్లో దర్శనానికని చుట్టాలు వేరే. ఇంకోటన్నా, పాత గోడకి కొత్త గోడ కలిసిన చోట నిలువుగా సన్న పగులు వచ్చింది, పుట్టీ పెడితే పోతుంది అంటాడు మేస్త్రి, నిజమేనా?

జవాబు: చెల్లెమ్మా, ముందు పగులు సంగతి చెప్పేస్తా, మీ ఇద్దరి సంగతి కన్నా అదే తేలిక. పాత గోడ ఇన్నేళ్ళలో కుంగాల్సినంత కుంగి కుదురుకుంది, కొత్తదాని పునాది మీద ఇప్పుడిప్పుడే బరువు పడతా ఉంది, రెండూ ఒకే లెక్కన దిగవు కాబట్టి కలిసిన చోట వెంట్రుకవాసి గీత రావడం మామూలే. కానీ పుట్టీ దానికి మందు కాదు, కొన్నాళ్ళకి మళ్ళీ అదే గీత పైకి తేలుతుంది. పగులు రెండు కొసల్లో పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ రాసి పెట్టండి, వారానికోసారి చూడండి. గీత దాటి పోకుంటే ఆ జాయింట్‌ని కొంచెం వెడల్పు చేసి, సాగే రకం సీలెంట్ నింపించి, మీద మెష్ కొట్టి పూత పూయమనండి. అట్లా కాకుండా ఏటవాలుగా పాకినా, రూపాయి బిళ్ళ దూరేంత అయినా, మేస్త్రి మాట పక్కన పెట్టి ఇంజనీర్‌ని పిలిపించండి.

ఇంక మీ గొడవ. మేస్త్రికి ఇద్దరు యజమానులుంటే అసలు యజమాని వాడే అవుతాడు, ఎవరి మాట తేలికైతే ఆ మాట విని పని కానిస్తాడు, తప్పొస్తే సారే చెప్పినాడు మేడమ్, మేడమే చెప్పింది సార్ అంటాడు. పగలంతా ఇంట్లో ఉండేది మీరు కాబట్టి మేస్త్రితో మాట్లాడేది మీరొక్కరే ఉండండి, సిమెంటు, కమ్మీలు, డబ్బు లెక్క ఆయన చూసుకుంటాడు. రాత్రి అన్నం తిన్నాక ఒక పొడుగు నోటుబుక్కు ముందేసుకొని రేపటి పని ఇద్దరూ కూర్చొని రాసుకోండి, స్విచ్‌బోర్డు ఏ గోడకి, తలుపు ఎటు తెరుచుకోవాల, కుళాయి ఎంత ఎత్తులో, అన్నీ. బుక్కులో లేనిది కట్టొద్దు అని మేస్త్రికి గట్టిగా చెప్పేయండి. మొదటి రెండు రోజులు మాటల్లేకుండా రాసుకున్నా పర్వాలేదు గానీ, చదువుకునే పిల్లోడిని మాత్రం మధ్యవర్తిని చేయకండి.

గట్టు విషయంలో అయితే నేను మీ పక్షమే, వండేది ఎవరో కొలత వాళ్ళదే. నిలబడి మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలిచి, దాంట్లో ఒక నాలుగైదు అంగుళాలు తీసేస్తే వచ్చేది మీ గట్టు ఎత్తు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, చానా ఇళ్ళల్లో చూసినా నేను. మేస్త్రి గట్టు కట్టేటప్పుడు కింద టైల్స్ పడి ఉండవు, ఉట్టి నేల మీద నుంచి కొలుస్తాడు, తర్వాత బెడ్డూ టైలూ కలిపి రెండంగుళాలు నేల లేస్తుంది, గట్టు ఆ మేరకి పొట్టిదైపోతుంది. పైన వేసే గ్రానైట్ మందం కూడా ఎత్తులో కలుస్తుంది, దాన్నీ లెక్కలో పెట్టుకోవాల. అందుకని పూర్తయిన నేల ఎక్కడికొస్తుందో గోడ మీద గీత గీయించి దాని నుంచి కొలవమనండి. తూర్పు ముఖంగా వండాలని వాస్తు వాళ్ళు చెప్పినారా, సరే అట్లాగే పెట్టుకోండి, ఎత్తుకి మాత్రం వాస్తుతో సంబంధం లేదు కదా.

దుమ్ము సంగతి తేలిగ్గా తీసుకోకండి. గ్రానైటూ టైల్సూ మిషన్‌తో పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి చెడ్డది, ఆయాసం ఉన్న మనిషి పక్కన అసలే వద్దు. కోసేది ఇంటి బయటే, నీళ్ళు పోస్తా కోయమనండి, ముందు రూము తలుపుకి మందపాటి ప్లాస్టిక్ పట్టా కట్టండి. పగలగొట్టే రోజులూ టైల్స్ కోసే రోజులూ అయ్యేదాకా అత్తమ్మని ఆడబిడ్డ ఇంట్లోనో ఎక్కడో పెట్టడం మంచిది. ఆమెని పంపించేస్తున్నామా అని ఆయన బాధపడతాడేమో, డాక్టర్ చేత చెప్పించండి, మన మాటకన్నా వాళ్ళ మాటకి విలువెక్కువ.

స్లాబు అక్టోబర్ దాకా లాగకండి. ఆషాఢంలో కొత్తగా మొదలుపెట్టకూడదంటారు గానీ నడిచే పనికి అడ్డమేం లేదు. మనకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, 2021 నవంబర్‌లో ఊరెట్లా మునిగిందో మీకు చెప్పాల్సిన పనిలేదు. పోసినాక మడులు కట్టి నీళ్ళు నిలబెట్టండి, ఇప్పుడు ఎక్కువగా వాడే పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంటుకి కనీసం 10 రోజులు, మన ఎండలకి రెండు వారాలైతే ఇంకా మంచిది. సెంట్రింగ్ వాళ్ళు వేరే సైటుకి కావాలని స్లాబు కింద ఆనించిన పోట్లు తొందరగా లాగేస్తారు, రూము 4.5 మీటర్ల కన్నా పెద్దదైతే కనీసం 14 రోజులు కదపనీయొద్దు, దూలాల కింద పోట్లు కూడా అంతే. మేస్త్రికి డబ్బు అయిన పనికే ఇవ్వండి, పై బాత్రూంలో టైల్స్ వేయకముందే రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి, కింద చెమ్మ రాలేదని చూసిందాకా కొంత మీ దగ్గరే ఉంచుకోండి.

చుట్టాలకి మొహమాటం లేకుండా చెప్పేయండి, ఇంట్లో పడుకునే చోటు లేదు, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం ఉంది, స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం ఉంది, రూము బుక్ చేసుకొని రండి, భోజనానికి మాత్రం మా ఇంటికే రావాల అని. తిరుపతిలో ఇల్లున్నోళ్ళందరికీ ఉండే తంటానే ఇది, ఒక ఏడాది అలిగితే అలగనీండి.

ప్రశ్న: సార్, మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. పిల్లర్లు లేని పాత ఇల్లు, తొమ్మిదంగుళాల గోడల మీదే స్లాబు. పైన రెండు రూములు వేసేద్దాం అంటాడు మేస్త్రి, మా ఆవిడ భయపడి వద్దంటా ఉంది. వేయొచ్చా?

జవాబు: చూడకుండా వేయొద్దు, ఇప్పటికైతే మీ ఆవిడ మాటే కరెక్ట్. ఒక మూల గోడ పక్కన గుంత తవ్వించి పునాది ఎంత లోతు, ఎంత వెడల్పు ఉందో స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి. ఆయన సరేనంటే పై గోడ సరిగ్గా కింద గోడ మీదే రావాల, రూము పెద్దదిగా రావాలని స్లాబు మధ్యలో గోడ లేపొద్దు, కింద నాలుగున్నర అంగుళాల అడ్డగోడ ఉంటే దాన్ని లెక్కలోకే తీసుకోవద్దు. ఎర్ర ఇటుక బదులు ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకులు వాడితే బరువు బాగా తగ్గుతుంది. వాటర్ ట్యాంకు కూడా మరిచిపోకండి, వెయ్యి లీటర్లదంటే నిండితే టన్ను, అది గోడలు కలిసే మూల మీద పెట్టాల. కార్పొరేషన్ పర్మిషన్‌కి ప్లాను ఎట్లాగూ పెట్టాల్సిందే, ఈ ఇంజనీర్ పనే ముందు చేయించండి, మేస్త్రికి అడ్వాన్స్ ఆ తర్వాత.