కెమెరాకు ఇన్సూరెన్స్ తీసుకోవాలా, మంచి బ్యాగ్ ఉంటే చాలా?

రెండు లక్షలు పెట్టి కెమెరా, లెన్స్ కొన్నానని, ఇన్సూరెన్స్ అవసరమా, మంచి బ్యాగ్ ఉంటే సరిపోదా అని అడిగారు. రెండూ కావాలి. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో పెళ్లిళ్లు తీస్తున్నాను, దెబ్బ తిని చెబుతున్నాను.

2019 ఫిబ్రవరిలో నాగోల్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి. తెల్లవారుజాము ముహూర్తం. అప్పగింతలు అయ్యేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అప్పటిదాకా మా టీమ్‌లో ఎవరికీ మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. ఆఖరి బంతిలో కూర్చుందాం రమ్మన్నారు. బ్యాగ్ ఎక్కడ పెట్టాలి? ఒక ప్లాస్టిక్ కుర్చీలో పెట్టి, ఐదు నిమిషాలే కదా అని జిప్ సగం వేసి వెళ్లాను.

పప్పులో నెయ్యి వేయించుకుంటున్నాను. హాల్లోంచి ధన్‌మని శబ్దం. సాయంత్రం అక్కడే ఇంకో రిసెప్షన్ ఉందట, హాలు కుర్రాళ్లు కుర్చీలు హడావిడిగా లాగి ఒకదానిలో ఒకటి పేర్చేస్తున్నారు. నా బ్యాగ్ తిరగబడింది. తెరిచి ఉన్న జిప్‌లోంచి 70-200 లెన్స్ (దూరం నుంచి తీసే పెద్ద జూమ్ లెన్స్) బిగించిన కెమెరా బాడీ గ్రానైట్ మీద పడింది. ఆ లెన్సే దాదాపు కిలోన్నర. ఆ బరువుకి మౌంట్, అంటే బాడీకి లెన్స్ బిగించే రింగు, వంగిపోయింది. అదే బ్యాగ్‌లో, మెత్తటి అరల మధ్య విడిగా పెట్టిన రెండో బాడీకి, ఫ్లాష్‌కి గీత కూడా పడలేదు. మెమరీ కార్డులు నా జేబులో ఉన్నాయి కాబట్టి వాళ్ల పెళ్లి ఫోటోలు దక్కాయి.

కుర్చీ లాగిన అబ్బాయి వణికిపోతూ "సార్, ఓనర్‌కి చెప్పకండి" అన్నాడు. రోజు కూలికి వచ్చినవాణ్ణి నేనేం అడగను?

సోమవారం కోఠీలో నాకు తెలిసిన మెకానిక్‌కి చూపిస్తే సర్వీస్ సెంటర్‌కే వెళ్లమన్నాడు. అక్కడ 46 వేలు చెప్పారు. నా దగ్గర ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉందన్న ధైర్యంతో కాగితం తీశాను. కొన్నప్పుడు షాపు కుర్రాడు "ఏమైనా కవర్ అవుతుంది సార్" అన్నాడు మరి. కాగితంలో ఉన్నది తయారీ లోపాల వరకే. కింద పడినా, నీళ్లు తగిలినా వాళ్లకి సంబంధం లేదు. వారంటీకి, ప్రమాద బీమాకి తేడా తెలియక మోసపోయిన ఫోటోగ్రాఫర్లు నాకు తెలిసే పదిమంది ఉన్నారు. బీమా కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ ఆఫీసు ఇక్కడే నానక్‌రామ్‌గూడలో ఉంది, అయినా మన ఊళ్లో ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు.

పాలసీ అడిగేటప్పుడు "కింద పడితే, నీళ్లు తగిలితే, బయట దొంగతనం జరిగితే ఇస్తారా" అని ఈ మూడూ విడివిడిగా అడగండి. డబ్బు తీసుకుని షూట్లు చేసేవాళ్లయితే ఆ మాట ముందే చెప్పండి. ఇంటి బీమాలో కెమెరా కూడా కలిసి ఉందిలే అనుకుని, క్లెయిమ్ రోజున "ఇది వ్యాపారానికి వాడారు" అనిపించుకున్నవాళ్లున్నారు. పార్క్ చేసిన కారులో వదిలేసిన సామాను పోతే చాలా పాలసీలు ఇవ్వవు. క్లెయిమ్‌లో కొంత మొత్తం మనమే భరించాలి, పాతబడిన కొద్దీ తరుగు కోస్తారు. జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబర్లు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. బిల్లు లేకుండా తక్కువకి వస్తోందని కొంటే మాత్రం క్లెయిమ్ మీద ఆశ పెట్టుకోవద్దు.

బ్యాగ్ విషయంలో నేను చూసేది అడుగున ఉన్న మెత్త ఎంత మందమని. బయటి గుడ్డ కాదు. జిప్ వీపు వైపు ఉండాలి, రెయిన్ కవర్ ఉండాలి. బండి మీద వెళ్లేటప్పుడు లెన్స్ విప్పి విడిగా పెట్టండి. మన రోడ్ల స్పీడ్ బ్రేకర్లకి మౌంట్ మీద పడే కుదుపు తక్కువ కాదు.

కానీ నా అసలు బాధ వేరే. లక్షలు అద్దె తీసుకునే హాళ్లలో మేకప్ వాళ్లకి గది ఉంటుంది, వంట సామానుకి గది ఉంటుంది, లక్షల సామాను మోసుకొచ్చే మాకు మాత్రం ఒక కుర్చీ. మేం తీసే ఫోటోలు ఆ పెళ్లివాళ్లే ముప్పై ఏళ్లు చూసుకుంటారు. అందుకే ఇప్పుడు కొటేషన్‌లోనే "తాళం ఉన్న చిన్న గది లేదా బీరువా" అని రాసి ఇస్తున్నాను. కొందరు విసుక్కుంటారు. పోయిన నెల కొంపల్లి పెళ్లిలో మాత్రం పెళ్లికూతురి తాతగారు తానే వచ్చి స్టోర్ రూమ్ తాళంచెవి నా చేతిలో పెట్టి, "ముందు మీరు తినిరండి బాబూ" అన్నారు. ఆ రోజు మొదటి బంతిలోనే తిన్నాం.