అల్లుడు అత్తగారికి గ్రీన్ కార్డ్ వేయగలడా?

ప్రశ్న: నేను టెక్సాస్‌లో ఉంటాను, 2019 నుంచి అమెరికా సిటిజన్‌ని. పెళ్లయ్యాక మా ఆవిడకి 2022లో గ్రీన్ కార్డ్ వచ్చింది. ఖమ్మంలో మా మామగారు ఈ మధ్యే గుండెపోటుతో పోయారు. అత్తగారికి యాభై ఏళ్లు. బావమరిదికి పదిహేడు నిండాయి, ఇంటర్ రెండో సంవత్సరం. మరదలికి పదమూడు. ముగ్గురినీ ఇక్కడికి తెచ్చుకోవాలని ఇద్దరం అనుకున్నాం. సిటిజన్‌ని నేనే కాబట్టి నా పేరు మీదే ముగ్గురికీ కలిపి పిటిషన్ వేయొచ్చా? ఎన్నాళ్లు పడుతుంది?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మామగారు పోయిన ఈ సమయంలో అత్తగారి గురించే కాకుండా పిల్లలిద్దరి గురించి కూడా ఆలోచిస్తున్నారు, చాలా సంతోషం. కానీ మీ పేరు మీద ఆ పిటిషన్ వేయలేరు. అమెరికాలో తల్లికి ఐ-130 (బంధువుని తెచ్చుకోవడానికి వేసే పిటిషన్ ఫారం) వేసే హక్కు ఆమె బిడ్డకే ఉంది, ఆ బిడ్డ సిటిజన్ అయి, 21 ఏళ్లు నిండి ఉండాలి. అల్లుడికీ కోడలికీ ఆ హక్కు లేదు. తెలియక పంపితే ఫీజు పోతుంది (2024 ఏప్రిల్ నుంచి కాగితం మీద 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625), కొన్ని నెలలు ఆగాక తిరస్కరణ వస్తుంది. డబ్బు పోతే పోయింది, ఆ నెలలే తిరిగి రావు, ఎందుకంటే మీ ఇంట్లో ఇప్పుడు చూసుకోవాల్సింది మీ బావమరిది వయసు.

కాబట్టి ముందు మీ ఆవిడ సిటిజన్‌షిప్‌కి ఎన్-400 వేయాలి. అందరూ ఐదేళ్లు ఆగాలనుకుంటారు గానీ సిటిజన్‌ని పెళ్లి చేసుకుని, ఆ మూడేళ్లూ ఆ భర్తతోనే కలిసి ఉన్నవాళ్లకి మూడేళ్లు చాలు, మూడేళ్లు నిండడానికి 90 రోజుల ముందే దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు. 2022లో కార్డ్ వచ్చిందంటే ఆమెకి ఇప్పటికే అర్హత వచ్చినట్టే, కాకపోతే ఆ మూడేళ్లలో ఇండియాలో ఎన్ని రోజులున్నారో పాస్‌పోర్ట్ స్టాంపులు దగ్గర పెట్టుకుని ఒకసారి లెక్క చూసుకోండి. సగానికి పైగా రోజులు అమెరికాలో ఉండి ఉండాలి, ఒకే ట్రిప్పులో ఆరు నెలలు దాటితే అడుగుతారు.

ఆమె సిటిజన్ కాగానే తల్లికి ఐ-130 వేస్తారు. తల్లిదండ్రుల కేటగిరీకి కోటా లేదు, క్యూ లేదు, కాగితాల పని అయ్యేంతవరకే ఆలస్యం. ఇక్కడే చాలా కుటుంబాలు దెబ్బతింటాయి: అమ్మకి వీసా వస్తే వెనకాలే మైనర్ పిల్లలు కూడా వచ్చేస్తారనుకుంటారు. రారు. కోటా లేని కేటగిరీ కాబట్టే దానితో పాటు పిల్లలకి వీసా ఇచ్చే ఏర్పాటు చట్టంలో పెట్టలేదు. తల్లిని రమ్మని పదమూడేళ్ల పిల్లని ఖమ్మంలో వదిలేయమనే ఈ నియమం నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. కెనడాలో ఇలా కాదు, అక్కడ తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌లో పెళ్లికాని 22 లోపు పిల్లల్ని అదే దరఖాస్తులో చేర్చుకుంటారు. బహుశా ఆ కబుర్లు విన్నవాళ్లే మీకూ ముగ్గురికీ కలిపి వేయమని చెప్పి ఉంటారు.

మరి పిల్లలకి ఏం దారి? రెండున్నాయి. మీ ఆవిడ సిటిజన్ హోదాలో తమ్ముడికీ చెల్లెలికీ వేసే ఎఫ్4 ఒకటి. ఇండియాకి 2025లో వచ్చిన వీసా బులెటిన్లు (ఎప్పుడు వేసినవాళ్ల వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే జాబితా) చూస్తే 2006లో వేసినవాళ్ల వంతు నడిచింది. అంటే పందొమ్మిదేళ్ల క్యూ. రెండోది, అత్తగారు గ్రీన్ కార్డ్‌తో దిగాక తన పెళ్లికాని పిల్లలకి తనే వేయడం. 21 లోపు వాళ్లయితే ఎఫ్2ఏ, దానికి కొన్నేళ్లే పడుతుంది. 21 దాటితే ఎఫ్2బి, అక్కడ ఎనిమిదేళ్లు పైమాటే.

లెక్క వేసి చూడండి. సిటిజన్‌షిప్, తర్వాత తల్లి పిటిషన్, ఇంటర్వ్యూ కలిపి సుమారు రెండున్నరేళ్లు అనుకుంటే అత్తగారు వచ్చి పిల్లలకి వేసేసరికి మరదలికి పదిహేనో పదహారో ఉంటాయి, ఎఫ్2ఏలో మూడేళ్లు ఆగినా 21 లోపే బయటపడుతుంది. బావమరిదికి అప్పటికే ఇరవై దగ్గర పడుతుంది. 2002లో వచ్చిన చట్టం ఒకటుంది, క్యూలో వంతు వచ్చి వీసా నంబర్ అందే రోజున ఉన్న వయసులోంచి ఐ-130 ఆఫీసులో పెండింగ్‌లో ఉన్న కాలాన్ని తీసేస్తారు. అది కొంత సాయం చేస్తుంది కానీ క్యూలో ఆగిన మొత్తం కాలాన్ని తీసేయరు. నిజం చెప్పాలంటే అతను ఎఫ్2బిలోకి జారే అవకాశమే ఎక్కువ. అప్పుడు పాత ప్రయారిటీ తేదీ (పిటిషన్ వేసిన తేదీ, క్యూలో చోటు దాన్ని బట్టే) పోదు గానీ, తల్లి గ్రీన్ కార్డ్‌తో ఉన్నంతకాలం అతను పెళ్లి చేసుకుంటే ఆ పిటిషన్ చచ్చిపోతుంది. ఈ మాట అతనికి ఇప్పుడే చెప్పండి. ఇరవై ఆరేళ్లప్పుడు మంచి సంబంధం వచ్చాక చెప్తే మీ మీద కోపం వస్తుంది, అందులో తప్పులేదు.

ఎఫ్4 కూడా వేసి పెట్టమని అందరూ అంటారు. మరదలి విషయంలో నేనూ వేయమనే అంటాను. బావమరిదికి మాత్రం బీటెక్ అయ్యాక ఇక్కడికి ఎంఎస్‌కి రావాలని ఉందేమో ముందు అడగండి. స్టూడెంట్ వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో మీ కోసం ఎవరైనా ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేశారా అని అడుగుతారు, అబద్ధం చెప్పకూడదు, అవునంటే తిరిగి వెళ్లరని అనుమానించి స్టూడెంట్ వీసా ఆపే వీలుంది. తల్లి వేసే పిటిషన్‌కీ ఇదే చిక్కు.

ఇక అత్తగారు వచ్చాక మరదలు ఎవరి దగ్గర ఉంటుంది? ఫారాల కంటే ముందు మీరు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఇదే. అత్తగారు దిగిన వెంటనే పిల్లలిద్దరికీ ఐ-130 వేసి, ఇక్కడ ఉండగానే రీ-ఎంట్రీ పర్మిట్‌కి (ఎక్కువ కాలం బయట ఉన్నా తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి) ఐ-131 ఫారం పెట్టి, వేలిముద్రలు ఇచ్చాక ఖమ్మం వెళ్లొచ్చు. ఆ పర్మిట్ మామూలుగా రెండేళ్లకి ఇస్తారు. అది లేకుండా ఏడాది దాటి ఉంటే కార్డ్ పోయే పరిస్థితి. పర్మిట్ ఉన్నా నివాసం ఇక్కడే అని చూపాలి కాబట్టి టాక్స్ రిటర్న్, బ్యాంక్ అకౌంట్, మధ్యలో రాకపోకలు ఉండాలి. పదమూడేళ్ల పిల్లని హాస్టల్లో పెట్టి తల్లి వచ్చేయడం కంటే ఈ తిరుగుడే మంచిదని నా అభిప్రాయం. ఖర్చయినా సరే.

అల్లుడిగా మీ అసలు పాత్ర ఇక్కడ వస్తుంది. ఐ-864 ఆర్థిక హామీలో మీ ఆవిడ జీతం చాలకపోతే మీ ఆదాయం కలపొచ్చు. 2025 లెక్కలో నలుగురున్న ఇంటికి ఏడాదికి 40,187 డాలర్ల ఆదాయం చూపాల్సి వచ్చింది. రేపు అత్తగారు పిల్లలకి వేసినప్పుడు ఆమెకి ఆదాయం ఉండదు కదా, అప్పుడు జాయింట్ స్పాన్సర్‌గా మీరే సంతకం పెట్టొచ్చు. అది ఊరికే పెట్టే సంతకం కాదు. వాళ్లు సిటిజన్ అయ్యేదాకా, లేదా పదేళ్ల పనికి సమానమైన 40 క్వార్టర్లు పూర్తయ్యేదాకా బాధ్యత మీదే, విడాకులైనా పోదు.

ప్రశ్న: మా తమ్ముడికి పన్నెండేళ్లు. నేనూ మావారూ సిటిజన్లమే. వాడిని దత్తత తీసుకుంటే వెంటనే వస్తాడని ఒక ఏజెంట్ చెప్పాడు. నిజమేనా?
– న్యూజెర్సీ నుంచి ఒక సోదరి

జవాబు: వద్దమ్మా. ఇండియా, అమెరికా రెండూ హేగ్ దత్తత ఒప్పందంలో ఉన్నాయి, ఊళ్లో రిజిస్ట్రార్ దగ్గర రాయించుకున్న దత్తత పత్రం వీసాకి పనికిరాదు. కారా (దత్తతలు చూసే భారత ప్రభుత్వ సంస్థ) ద్వారా, హోమ్ స్టడీతో (పెంచుకునేవాళ్ల ఇంటి పరిస్థితుల పరిశీలన), ఐ-800ఏ, ఐ-800 ఫారాల వరుసలో పోవాలి. అంతకంటే పెద్ద సంగతి ఏమిటంటే కన్నతల్లి ఆ బిడ్డ మీద హక్కు పూర్తిగా వదులుకోవాలి, రేపు వాడు సిటిజన్ అయినా కన్నవాళ్లకి పిటిషన్ వేయలేడు. నిజంగా వాడిని చూసుకునేవాళ్లు లేక పెంచుకోవాలనుకుంటే వేరే మాట. వీసా కోసమే అయితే ఆ ఏజెంట్‌కి డబ్బు ఇవ్వకండి, అమ్మకి ఐ-130 వేయండి.

ప్రశ్న: నాకు బర్త్ సర్టిఫికెట్ లేదు. పదో తరగతి మెమోలో అమ్మ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంటిపేరుతో ఇంకోలా ఉంది. అమ్మకి పిటిషన్ వేయగలనా?
– గుంటూరు అమ్మాయి, అట్లాంటా

జవాబు: వేయగలవు. పుట్టిన ఊరి పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి రికార్డు లేదనే నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకో. దానికి నీ పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ల అఫిడవిట్లు, మెమో జతచెయ్యి. మేనమామ, పెద్దమ్మ లాంటివాళ్లయితే బాగుంటుంది, నువ్వు ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి పుట్టావో, అది తమకెలా తెలుసో వాళ్లు స్పష్టంగా రాయాలి. అమ్మ పేరు రెండు రకాలుగా ఉన్నా మనిషి ఒకరేనని ఇంకో అఫిడవిట్ పెట్టించు. పాస్‌పోర్ట్‌లో ఏ పేరుందో పిటిషన్‌లో అదే రాసి, మిగతావి ఇతర పేర్ల గడిలో రాయి. ఇంటర్వ్యూ ఎక్కువగా ముంబైలో పడుతుంది, ఒరిజినల్స్ అన్నీ అమ్మ చేతికి ముందే పంపు.