గవ్వల హారానికి నీచు వాసన: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: ఋషికొండ, భీమిలి తీరాల్లో ఏరి తెచ్చిన గవ్వలతో, చిన్న శంఖాలతో జూకాలు, హారాలు చేసి తెలిసినవారికి అమ్ముతున్నాను. హారం నీచు వాసన వస్తోందని కొన్నవారిలో ఇద్దరు తిరిగి ఇచ్చేశారు. నిమ్మరసంలో ఒకసారి, వెనిగర్‌లో ఒకసారి రాత్రంతా నానబెట్టాను. వాసన కొద్ది రోజులు తగ్గి మళ్లీ మొదలైంది. పైగా గవ్వల నిగనిగ పోయి, సున్నం పూసినట్లు తయారయ్యాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

సమాధానం: మీకు ఇబ్బంది కలిగిస్తున్న వాసన పెంకు లోపల మిగిలిపోయిన మాంసం నుంచి వస్తోంది. శంఖంలో జీవి శరీరం మెలికలన్నీ తిరిగి కొస వరకు ఉంటుంది కాబట్టి, పైకి ఖాళీగా కనిపించే శంఖంలో కూడా చివరి చుట్టులో గోరంత ముక్క ఎండి అతుక్కుని ఉండవచ్చు. ఎండి ఉన్నంత కాలం అది తెలియదు. మన సముద్రపు గాలిలోని తేమో, మెడ మీది చెమటో తగిలినప్పుడు సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టడం మొదలుపెడతాయి, అప్పుడు నీచు తిరగబెడుతుంది.

నిమ్మరసం వాడాలన్న ఆలోచన మీకు వంటింటి నుంచే వచ్చి ఉంటుంది. చేపల నీచుకు ముఖ్య కారణమైన ట్రైమిథైలమైన్ క్షార గుణం కలది. పులుపు తగలగానే అది గాలిలోకి ఎగరలేని లవణంగా మారుతుంది కాబట్టే చేపలను నిమ్మకాయతోనో చింతపండుతోనో కడిగితే నీచు తగ్గుతుంది. అయితే గవ్వ పెంకులో ఉన్నది ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. పులుపులో వేసిన గవ్వ మీద సన్నని బుడగలు లేవడం మీరు చూసే ఉంటారు. పెంకు కరిగిపోతోందనడానికి అదే గుర్తు. రాత్రంతా అలా ఉంచితే పై మెరుపు తినేసుకుపోతుంది, లోపలి మాంసం మాత్రం అలాగే ఉండి కొత్తగా వాసన పుట్టిస్తూనే ఉంటుంది. పోయిన మెరుపు తిరిగి రాదు గనుక ఆ గవ్వలను సన్నని వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) నునుపు చేసి, వెలిసిన రంగుకు నప్పే నగల్లో వాడుకోండి.

ఇకముందు తెచ్చే గవ్వల విషయంలో మొదట మాంసం సంగతి చూడండి. గవ్వలను ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచి, బయట పెట్టి మామూలు వేడికి రానిస్తే లోపలి ముక్క పట్టు వదులుతుంది. కొస వంచిన సన్నని తీగను మెలిక తిరిగిన వైపే మెల్లగా తిప్పుతూ లోపలికి పంపి వెనక్కు లాగాలి. తరువాత సూది తీసేసిన సిరంజితో గోరువెచ్చని నీటిని బలంగా చిమ్మండి. మొదట బూడిద రంగు నీరు, దానితో పాటు నల్లని పీచుల్లాంటివి వస్తాయి. నీరు తేటగా వచ్చే వరకు ఈ పని ఆపవద్దు. తీగకు అందనంత సన్నని శంఖాలను వల గుడ్డలో మూటకట్టి, వాన పడని చోట, కుండీలోని పొడి ఇసుకలో కొన్ని వారాలు పూడ్చి ఉంచండి. చీమలు, పురుగులు మన చేతికి అందని మూలల వరకు శుభ్రం చేస్తాయి. తొందరపడి మరిగించవద్దు, పలుచని పెంకులు చిట్లుతాయి.

ఆ తరువాతే మందు అవసరం. మందుల దుకాణంలో 20 వాల్యూమ్ అని దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 6 శాతం గాఢత కలది. దానికి సమానంగా నీరు కలిపి గవ్వలను కొన్ని గంటలు ఉంచితే చాలు. బట్టల బ్లీచ్ కూడా పనిచేస్తుంది గాని, పెంకు పొరలను పట్టి ఉంచే మాంసకృత్తులను అది తినేస్తుంది. అందుచేత ముత్యపు మెరుపు ఉన్న ఆల్చిప్పలకు దాన్ని వాడకపోవడమే మేలు. ఒక్క విషయం మాత్రం దయచేసి గుర్తుంచుకోండి: బ్లీచ్‌లో వెనిగర్ గాని నిమ్మరసం గాని కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి ఆడని స్నానాలగదిలో అది ప్రాణాపాయం. మీరు ఇప్పటికే వెనిగర్, నిమ్మరసం వాడుతున్నారు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

చివరగా రెండు మూడు రోజులు మంచినీరు మారుస్తూ నానబెట్టండి. పెంకులో సముద్రపు ఉప్పు మిగిలితే అది గాలిలోని తేమను లాగుతూ ఉంటుంది, ఆ తేమే వాసనకు మళ్లీ దారి తీస్తుంది. నోరు కిందికి ఉండేలా బోర్లించి నీడలో ఆరబెట్టిన తరువాత, కొన్నింటిని మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో వేసి ఒక పూట ఎండలో పెట్టి, మూత తీసిన వెంటనే వాసన చూడండి. ఈ పరీక్షలో నెగ్గిన గవ్వకే రంధ్రం చేయండి. మెరుపు కోసం కొబ్బరినూనె రాసే అలవాటు చాలామందికి ఉంది. కొన్నాళ్లకు ఆ నూనె కూడా చెడి కంపు కొడుతుంది. పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ ఒక చుక్క రాసి తుడిస్తే ఆ బాధ ఉండదు.

తీరంలో ఏరేటప్పుడు లోపల ప్రాణి గాని, ఖాళీ శంఖాల్లో కాపురముండే సన్యాసి పీత గాని ఉందేమో చూసి, ఉంటే అక్కడే వదిలిపెట్టండి. పగడపు దిబ్బల ముక్కలు, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్ అనే పగడపు జాతి) ఎవరైనా అమ్మజూపితే తీసుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి వ్యాపారం నిషిద్ధం.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి తెప్పించిన కొమ్ము ముక్కలతోనూ, వేరేచోట కొన్న ఎముక పూసలతోనూ పని చేస్తున్నాను. రంధ్రం చేస్తుంటే కమురు వాసన భరించలేకపోతున్నాను. ఎముక పూసలైతే ఊరికే ఉన్నా వాసన వస్తున్నాయి.
– ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: ఈ రెండింటి కారణాలు వేరు. కొమ్ము కూడా మన వెంట్రుకలూ గోళ్లలాగే కెరటిన్‌తో ఏర్పడినది, అందులో గంధకం ఉంటుంది. డ్రిల్లు వేడికి అది మాడడం వల్ల వెంట్రుక కాలిన కమురు వస్తుంది. వేగం తగ్గించి, రంధ్రం మీద నీటి చుక్కలు పడుతూ ఉండేలా చూసుకుంటే వాసనతో పాటు దుమ్ము కూడా తగ్గుతుంది. విద్యుత్ యంత్రం దగ్గర నీరు వాడుతున్నారు గనుక జాగ్రత్త పడండి, ముక్కుకు మంచి మాస్కు తప్పనిసరి. గవ్వల పొడి అయినా, కొమ్ము పొడి అయినా ఊపిరితిత్తులకు చేటే. పని పూర్తయ్యాక సబ్బు నీటితో త్వరగా కడిగి ఆరబెట్టండి. నీళ్లలో ఎక్కువసేపు నానితే కొమ్ము పొరలు విడిపోతాయి.

ఎముక వాసన లోపల మిగిలిన కొవ్వుది. పసుపుపచ్చగా, పట్టుకుంటే జిడ్డుగా ఉన్న పూసలను విడిగా తీసి, గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపిన గోరువెచ్చని నీటిలో వేయండి. నీటి మీద జిడ్డు తేలినప్పుడల్లా నీరు మార్చాలి. ఇందుకు వారాలు పట్టవచ్చు, ఓపిక పట్టండి. మరిగిస్తే కొవ్వు ఎముక లోతుల్లోకి ఇంకుతుంది, బ్లీచ్ వేస్తే ఎముక గుల్లబారి పొడి రాలుతుంది. రంధ్రాల్లో చేరిన మడ్డిని పళ్ల సందులు శుభ్రం చేసే సన్నని బ్రష్‌తో తీయవచ్చు. జిడ్డు పూర్తిగా పోయాక, పైన గవ్వలకు చెప్పిన పెరాక్సైడ్ నీళ్లే దీనికీ సరిపోతాయి.

ప్రశ్న: అరకులో కొన్న గింజల దండలు, ఏటికొప్పాక లక్క పూసలు వానాకాలంలో బూజు వాసన పట్టాయి. శానిటైజర్‌తో తుడవవచ్చా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

సమాధానం: లక్క పూసలను శానిటైజర్‌తో తుడవవద్దు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. అంకుడు కర్ర మీద ఎంతో నేర్పుతో ఎక్కించిన ఆ రంగు పొర ఒక్క తుడుపుతో మసకబారి జిగురవుతుంది. పొడి మెత్తని గుడ్డతో తుడిచి, దారం మార్చండి. చాలాసార్లు బూజు పట్టేది పూసల కంటే ముందు ఆ నూలు దారానికే.

లక్క పూత లేని గింజలను మాత్రం ఆల్కహాల్ అద్దిన గుడ్డతో పైపైన తుడవవచ్చు. నీటిలో ముంచితే ఉబ్బి పగులుతాయి, తడి లోపలే నిలిచి బూజు మరింత పెరుగుతుంది. తుడిచాక ఫ్యాను గాలికి ఆరబెట్టి, గుడ్డ మూటలో కట్టిన బొగ్గు ముక్కలతో పాటు డబ్బాలో పెట్టి మూత వేయండి. తేమ పట్టిన బొగ్గును ఎండబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. నూనె చెడిన వాసన వేసే రుద్రాక్షల వంటివాటికి బొగ్గు బదులు వంట సోడా పెట్టండి. చెడిన నూనె వాసనలో కొంత ఆమ్లాలది, సోడా దాన్ని విరుస్తుంది. అత్తరు, కర్పూరం లాంటివి మాత్రం పెట్టవద్దు. అవి వాసనను కప్పుతాయి, కింద బూజు పెరుగుతూనే ఉంటుంది.

మీ దండల్లో గురివింద గింజలు ఉంటే వాటికి రంధ్రం చేయడం గాని, పగిలిన గింజను తాకడం గాని చేయకండి. వాటిలోని అబ్రిన్ తీవ్రమైన విషం, పొడి ముక్కులోకి పోయినా ప్రమాదమే. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ దండను ఉంచకపోవడమే మంచిది.

ప్రశ్న: లాకెట్ కట్టిన తోలు తాడు కంపు కొడుతోంది. కడగవచ్చా?
– ఒక పాఠకుడు, గోపాలపట్నం

సమాధానం: కడగవద్దు, బిరుసెక్కుతుంది. కొత్త తాడైతే అది తోలు శుద్ధిలో వాడిన మందుల వాసన. కొన్ని రోజులు నీడలో గాలికి వేలాడదీస్తే తగ్గుతుంది. చెమట ఇంకి నల్లబడిన పాత తాడైతే దాన్ని తీసేసి కొత్తది కట్టండి, లాకెట్ కొక్కేన్ని మాత్రం సబ్బు నీటితో తోమి పూర్తిగా ఆరనివ్వండి.